తొమ్మిదో తరగతి పిల్లల్ని ఐదు రోజులు పనిచోటుకి పంపే ముందు ఏమేం చెయ్యాలి: బెంగళూరు నుంచి ఒక టీచర్ మార్గదర్శి

మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏటా ఐదు రోజులు బయట ఏదో ఒక పనిచోటుకి పంపుతాం. షాపు కావచ్చు, క్లినిక్ కావచ్చు, మొక్కల నర్సరీ కావచ్చు. ఏర్పాట్లు చూసేది నేను. ఎలా నా నెత్తిన పడిందంటే, మొదటి ఏడాది స్టాఫ్ మీటింగులో "ఎవరు చూసుకుంటారు?" అని అడిగినప్పుడు అందరూ తల దించుకుని ఏదో రాసుకుంటున్నారు, నేను సరిగ్గా అప్పుడే తలెత్తాను.

ఆ మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం ముందు చెప్తాను. ఒక అబ్బాయిని ప్రింటింగ్ ప్రెస్సుకి పంపాను. లెటర్ ఇచ్చాను, అడ్రస్ ఇచ్చాను, "బాగా నేర్చుకో నాన్నా" అన్నాను. మూడో రోజు చూద్దామని వెళ్తే వాడు మంచినీళ్ళ క్యాన్ పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో డైరీ, డైరీలో రెండు రోజుల తేదీలు, వాటి కింద ఖాళీ. "ఏరా, రెండ్రోజులూ ఏం చేశావు?" అంటే "నాకెవరూ ఏమీ చెప్పలేదు మేడమ్" అన్నాడు. ఓనరు అనంతపురం వైపు మనిషి, పాపం మంచివాడే, ఆయన్ని అడిగితే "పిల్లోడు ఏమీ అడగలేదు మేడమ్" అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. తొమ్మిదేళ్ళుగా మనం పిల్లలకి చెప్పింది చెయ్యడం నేర్పాం, చెప్పంది చేస్తే తిట్టాం, పనిచోట చూస్తే ఎవరికీ చెప్పే తీరిక ఉండదు. అందుకే పిల్లల్ని తయారు చెయ్యడమంటే నా లెక్కలో కొత్త మనిషి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి అడగడం నేర్పడమే. రెజ్యూమేలు, టైలు అన్నీ తర్వాత, ఇంకో పదేళ్ళకి చూసుకోవచ్చు.

ఇక వరసగా.

ఆరు వారాల ముందు: పుట్టిన తేదీల లిస్టు తీయండి

ఎవరికి ఏం ఇష్టమో తర్వాత అడుగుదురు గాని, ముందు వయసులు చూడండి. తొమ్మిదో తరగతిలో పద్నాలుగు నిండనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 14 ఏళ్ళు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, స్కూలు వేళలు అయ్యాక సొంత కుటుంబ వ్యాపారంలో సాయం చెయ్యడం, నటన లాంటి మినహాయింపులు తప్ప. 14 నుంచి 18 లోపు వాళ్ళని గనుల్లో, మండే పదార్థాల దగ్గర, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియలు జరిగేచోట పెట్టకూడదు.

మన పిల్లలు ఉద్యోగులు కారు, జీతం లేదు, చూసి నేర్చుకోవడానికే వెళ్తున్నారు అని మీరనొచ్చు. అయినా చట్టం ఆ వయసు వాళ్ళకి పెట్టిన వేళల్నే నేను కొలతగా పెట్టుకున్నాను: వరసగా మూడు గంటలకి మించి ఉండకూడదు, తర్వాత కనీసం గంట విశ్రాంతి, ఆ విశ్రాంతితో కలిపి మొత్తం ఆరు గంటలు దాటకూడదు, సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఎనిమిది మధ్య అసలు వద్దు. మాకు పది నుంచి ఒంటిగంట, మళ్ళీ రెండు నుంచి నాలుగు, సరిగ్గా సరిపోయింది. పద్నాలుగు నిండనివాళ్ళని ఒక టీచర్ వెంట గుంపుగా తీసుకెళ్ళి చూపించి తీసుకొస్తాం, వాళ్ళ చేతికి ఏ పనీ ఇవ్వం.

ఇంకో కొలత నాది, ఏ చట్టంలోనూ లేదు. ఆ రోజు మన పిల్లవాడు రాకపోతే ఆ షాపులో ఏదైనా పని ఆగుతుందా? ఆగుతుందంటే వాళ్ళకి కావాల్సింది పనికుర్రాడు, మనం పంపేది చదువుకునే పిల్లవాణ్ణి. అక్కడికి పంపొద్దు.

ప్రిన్సిపాల్ ఒప్పుకోకపోతే రెండు మాటలు చెప్పండి. 1964-66 కొఠారీ కమిషనే పని అనుభవం చదువులో భాగం కావాలంది, తర్వాత అది ఎస్‌యూపీడబ్ల్యూ (సమాజానికి పనికొచ్చే ఉత్పాదక పని) పీరియడ్‌గా మారి, మా కాలంలో ఫినాయిల్ తయారీ, ఊలు పూలు దాకా వచ్చి ఆగింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల లాంటి స్థానికుల దగ్గర పిల్లలు గడపాలంది. మనం చేస్తున్నది దానికి కొంచెం పెద్ద తరగతి రూపం. ప్రిన్సిపాళ్ళకి 2020 అనే అంకె వినిపిస్తే చాలావరకు మెత్తబడతారు.

చోటు వెతకడం

మాది మారతహళ్ళి వైపు. క్లాసులో సగం తెలుగు పిల్లలే, ఇంట్లో ఇద్దరూ సాఫ్ట్‌వేర్. మీటింగు పెట్టగానే "మా కంపెనీలో అడుగుతా మేడమ్" అని నాలుగు చేతులు లేస్తాయి. వద్దనండి, మర్యాదగానే. ఒకసారి ఒప్పుకుని చూశాను: గేటు దగ్గర విజిటర్ బ్యాడ్జి, ఏసీ గదిలో రెండు గంటల ప్రెజెంటేషను, క్యాంటీన్‌లో దోసె, సాయంత్రం గ్రూప్ ఫోటో. పిల్లలకి తెగ నచ్చింది. ఏం చూశారంటే దోసె అన్నారు.

చిన్నచోట్లు మేలు, ఎందుకంటే అక్కడ పని కంటికి కనిపిస్తుంది. మందుల షాపు, కళ్ళద్దాల షాపు, అయ్యంగార్ బేకరీ, పశువుల డాక్టరు క్లినిక్, టైలరు, జిరాక్స్ షాపు, సైకిల్ రిపేరు, ఆర్కిటెక్ట్ ఆఫీసు, లైబ్రరీ, నర్సరీ, పొడి చెత్త వేరు చేసే కేంద్రం. వెల్డింగ్, రంపం మిల్లు, కెమికల్స్ వాడే యూనిట్ల జోలికి వెళ్ళొద్దు, ఓనరు ఎంత తెలిసినవాడైనా సరే. స్కూలు నుంచి ఐదు కిలోమీటర్ల లోపు వెతకండి. ఊరికి అటు చివరున్న పీణ్య పారిశ్రామికవాడలో మంచి వర్క్‌షాపులు ఉన్నాయని ఒక నాన్న చెప్పాడు, ఉంటాయి, మారతహళ్ళి నుంచి పీణ్య వెళ్ళి వచ్చేసరికి పిల్లవాడికి బస్సు గురించి తప్ప ఇంకేం నేర్చుకునే ఓపిక మిగలదు.

తేదీలు పెట్టేటప్పుడు మన స్కూలు క్యాలెండరు ఒక్కటే చూడకండి, వాళ్ళ క్యాలెండరు కూడా చూడండి. ఆడిటర్ ఆఫీసుకి జులై ఆఖర్లో పంపితే రిటర్నుల గడువు తలనొప్పిలో ఎవరూ తలెత్తి చూడరు. చీరల షాపుకి వరమహాలక్ష్మి ముందు వారం వద్దు. ఆయుధపూజ వారంలో మెషీన్లన్నీ కడిగి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి కూర్చుంటారు, అది చూడటానికి బాగుంటుంది కాని పని ఉండదు. మేం దీపావళి అయ్యాక, బేకరీల్లో క్రిస్మస్ కేకుల హడావిడి మొదలవక ముందు పెట్టుకుంటాం.

ఓనరుతో మీరే వెళ్ళి మాట్లాడండి

ఫోన్లో తేల్చొద్దు. షాపు ఖాళీగా ఉండే వేళ, పదకొండున్నరకో మూడింటికో, వెళ్ళండి. వయసెంత, ఎన్ని గంటలు, జీతం ఇవ్వకూడదు, ఏ మెషీను ముట్టుకోకూడదు, ఈ నాలుగూ మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేయండి. జీతం వద్దంటే కొందరు నొచ్చుకుంటారు, చివరి రోజు ఐదొందలు జేబులో పెట్టబోతారు. స్వీటు ఇవ్వండి చాలు అనండి.

తర్వాత ఒకటి అడగండి: "పిల్లవాడు ఎవరిని అడగాలి?" ఈ ప్రశ్నకి ఓనరు "ఎవరినైనా అడగొచ్చు" అంటే అది జవాబు కాదు, మా ప్రెస్సు అబ్బాయికి జరిగింది అదే. ఒక మనిషిని చూపించమనండి. ఆ మనిషితో, అంటే కౌంటర్లో అన్నతోనో, మాస్టరుతోనో, అక్కడే రెండు నిమిషాలు మాట్లాడండి, ఎందుకంటే ఓనరు ఒప్పుకున్న పని రేపు నెత్తిన పడేది ఆయనకి. ఆయనకి చెప్పాల్సింది కూడా చిన్నదే: మొదటి రోజు పొద్దున ఐదు నిమిషాలు షాపంతా తిప్పి చూపించండి, బాత్రూం ఎక్కడో చెప్పండి. నవ్వకండి. బాత్రూం ఎక్కడో అడగలేక ఆరు గంటలు నీళ్ళు తాగకుండా కూర్చున్న ఆడపిల్ల మా దగ్గర ఉంది.

లెటర్ ఒక పేజీ, కన్నడంలో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు. మా కన్నడ మేడమ్ రాసిపెట్టారు. దాని కాపీ ఒకటి కౌంటర్ దగ్గరే ఉంచమనండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఒక బేకరీలో మా అమ్మాయి తల మీద టోపీ పెట్టుకుని ట్రేలో ఖారా బన్నులు లెక్కపెడుతుంటే, ఒక పెద్దాయన ఓనరు మీద విరుచుకుపడ్డాడు, చిన్నపిల్లతో పని చేయిస్తారా, కంప్లైంట్ ఇస్తాను అని. ఆయన కోపం న్యాయమైనదే, అలా అడిగేవాళ్ళు ఉండాలి కూడా. లెటర్ తీసి చూపిస్తే చదివి, అమ్మాయిని నాలుగు ప్రశ్నలు అడిగి, రెండు బన్నులు కొనుక్కుని వెళ్ళాడట.

ఇంట్లో వాళ్ళతో

తెలుగు అమ్మానాన్నలతో ఇబ్బంది వేరే రకం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి ఉంటారు. "ఐదు రోజులంటే ఐదు క్లాసులు పోతాయి మేడమ్, ఎవరు కవర్ చేస్తారు?" అంటారు. ఇంకొకరు, "సైకిల్ షాపుకా? దానికోసమా మేం ఊరొదిలి ఇంత దూరం వచ్చింది?" అన్నారు. నేను వాదించను. ఆ నాన్నని ఒకటే అడిగాను, మీ టీంలో కొత్తగా చేరినవాళ్ళలో మీకు విసుగు తెప్పించేది ఎవరండీ అని. ఆయన ఆలోచించకుండా, "డౌటు వచ్చినా అడక్కుండా మూడు రోజులు కూర్చుని నాలుగో రోజు కాలేదు అనేవాడు" అన్నాడు. నేనింకేం అనలేదు, ఆయనే సంతకం పెట్టి ఇచ్చాడు.

సంతకంతోపాటు కాగితం మీద ఇవి తీసుకోండి: ఇద్దరి ఫోన్ నంబర్లు, పగటిపూట నిజంగా ఫోన్ ఎత్తే మూడో మనిషి నంబరు, బ్లడ్ గ్రూపు, ఆస్తమా, అలర్జీలు. స్కూలుకి విద్యార్థుల ప్రమాద బీమా ఉంటే అది స్కూలు బయట కూడా వర్తిస్తుందో లేదో ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

నోరు తెరిపించే మూడు క్లాసులు

అన్నిటికంటే ఎక్కువ టైం దీనికివ్వండి. మూడు వారాలు, వారానికొక పీరియడ్.

మొదటిది ఫోను. ఈ పిల్లలు రోజంతా ఫోన్లో ఉంటారు గాని తెలియని మనిషికి ఫోన్ చేసి మాట్లాడిన అనుభవం దాదాపు సున్నా. నేను క్లాసుకి వీపు తిప్పి కూర్చుంటాను, ఒక్కొక్కరూ నాకు ఫోన్ చెయ్యాలి, నేను ఓనర్ని.

"హలో."

"హలో... సార్... అంటే... మేడమ్, నేను..."

"ఎవరండీ? గట్టిగా చెప్పండి, ఇక్కడ మిక్సర్ తిరుగుతోంది."

ఆ అబ్బాయి టక్కున కట్ చేసేశాడు. క్లాసంతా ఒకటే నవ్వు. మూడోసారికి, "నమస్తే సార్, నేను ఫలానా స్కూల్ తొమ్మిదో తరగతి, సోమవారం నుంచి మీ దగ్గరికి వచ్చేది నేనే, ఇప్పుడు మాట్లాడొచ్చా, తర్వాత చెయ్యనా?" దాకా వచ్చాడు. ఆ చివరి ముక్క, ఇప్పుడు మాట్లాడొచ్చా అనేది, ప్రత్యేకంగా నేర్పండి. బిజీగా ఉన్న మనిషికి ఆ ఒక్క మాటతో సగం చిరాకు పోతుంది. రిహార్సల్ అయ్యాక అసలు ఫోను పిల్లవాడి చేతే చేయించండి, స్టాఫ్ రూములో మీ ఎదురుగా, స్పీకర్ పెట్టి.

రెండోది మొదటి గంట. నేను బల్ల మీద కాగితాలు వేసుకుని లెక్కపెడుతూ, మడతపెడుతూ, ఎవరినీ పట్టించుకోకుండా పనిచేసుకుంటాను. ఒక పిల్లో పిల్లాడో వచ్చి పక్కన నిలబడాలి. ఐదు నిమిషాలు చూడాలి, ఊరికే. ఈ ఐదు నిమిషాలు వాళ్ళకి నరకం, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, జేబులోకి ఫోన్ కోసం వెళ్ళిపోతాయి. తర్వాత ఒక ప్రశ్న అడగాలి, అయితే చూసింది చెప్పి అడగాలి. "ఇదేంటి మేడమ్?" అంటే నేను పలకను. "మీరు పైన రెండు కాగితాలు తీసి పక్కన పెట్టారు, ఎందుకని?" అంటే చెప్తాను. తేడా వాళ్ళకే తెలిసిపోతుంది, రెండో ప్రశ్న విన్న మనిషి పని ఆపి మరీ చెప్తాడు, ఎందుకంటే తన పనిని ఎవరో శ్రద్ధగా చూశారని అర్థమవుతుంది.

ఎప్పుడు అడగకూడదో కూడా ఇక్కడే: డబ్బు లెక్కపెడుతున్నప్పుడు, ఎదురుగా కస్టమరు ఉన్నప్పుడు, మెషీను తిరుగుతున్నప్పుడు. ఇక చేతిలో ఏమీ లేనప్పుడు వాడుకోవడానికి మూడు మాటలు బట్టీ పట్టిస్తాను, మామూలుగా బట్టీకి నేను వ్యతిరేకం, ఇది తప్ప: "ఇది నేను చెయ్యొచ్చా?", "ఒకసారి చూపించండి, చేస్తాను, తప్పుంటే చెప్పండి", "ఇప్పుడు ఖాళీగా ఉన్నాను, ఎక్కడ నిలబడమంటారు?"

మూడోది తప్పు చేసినప్పుడు. కళ్ళద్దాల షాపులో మా అమ్మాయి చెయ్యి తగిలి ఒక ఫ్రేము పడి కాడ వంగింది. భయపడి అలాగే డ్రాయర్లో పెట్టేసింది. మర్నాడు కస్టమరు ముందు ఆ డ్రాయరు తెరిచారు. ఫ్రేము సరిచేయడం వాళ్ళకి రెండు నిమిషాల పని, ఆ అమ్మాయి మాత్రం మిగతా రోజులు తలెత్తలేదు. ఇప్పుడు క్లాసులో నిజంగానే ఒక పెన్ను స్టాండు పడేయిస్తాను, ఒక్కొక్కరూ వచ్చి "నా చెయ్యి తగిలి పడింది సార్, ఒకసారి చూడండి" అని చెప్పాలి. "పడిపోయింది సార్" అంటే ఒప్పుకోను. దానంతటది పడదు కదా.

కన్నడం

ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు, ఆడుకునేటప్పుడు హిందీ. పుట్టి పెరిగింది బెంగళూరే అయినా కన్నడంలో నోరు పెగలని పిల్లలు మనవాళ్ళలో బోలెడుమంది. షాపులో తెలుగు నడిచిపోవచ్చు, ఈ ఊళ్ళో చాలాచోట్ల నడుస్తుంది కూడా, కాని లోపలికి అడుగుపెట్టి మొదట అనే మాట కన్నడంలో అంటే ఎదుటి ముఖం మారిపోతుంది. "నమస్కార సార్, నాను స్కూలింద బందిద్దీని, కెలస కలియోక్కె." స్కూలు నుంచి వచ్చాను, పని నేర్చుకోవడానికి అని. అడ్డం పడితే "గొత్తిల్ల సార్, తోర్సి." తెలీదు, చూపించండి, అంతే. ఎవరైనా ఉచ్చారణకి నవ్వితే మనమూ నవ్వెయ్యడమే.

మా అబ్బాయి ఒకడు నర్సరీలో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే తోట చూసుకునే పెద్దాయన "సాకు, సాకు" అన్నాడట. వీడు బిక్కచచ్చిపోయి, "నేను సాకులేం చెప్పట్లేదు అంకుల్" అన్నాడు. కన్నడంలో సాకు అంటే చాలు అని.

పిలుపులు కూడా చెప్పి పంపండి. అపార్ట్‌మెంట్ అలవాటుగా అందరినీ అంకుల్, ఆంటీ అనేస్తారు. పనిచోట సార్, మేడమ్. పక్కన పనిచేసేవాళ్ళు చిన్నవాళ్ళయితే అణ్ణా, అక్కా. టీ తెచ్చే మనిషికీ అదే పిలుపు, ఆయన్ని పేరు పెట్టి పిలవడం, నువ్వు అనడం నా చెవిన పడితే మాత్రం నేను ఊరుకోను.

దారి

ఒకసారి ట్రయల్ వెయ్యండి, పనిరోజున, అదే వేళకి. ఒకాయన ఆదివారం పొద్దున కొడుకుని స్కూటర్ మీద తీసుకెళ్ళి "ఇరవై నిమిషాలే మేడమ్" అన్నాడు. సోమవారం టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర బస్సులో ఇరుక్కుని గంటా పది నిమిషాలు పట్టింది. రింగు రోడ్డు మీద 500 సిరీస్ బస్సులు తరచుగానే వస్తాయి, ఎక్కగలమా అన్నదే ప్రశ్న.

ఆడపిల్లలకి ఒక విషయం. శక్తి పథకం కింద 2023 జూన్ నుంచి మామూలు బీఎంటీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, అయితే అది కర్ణాటక వాసులకి, గుర్తింపు కార్డు మీద ఇక్కడి అడ్రస్ ఉండాలి. మనవాళ్ళ ఆధార్‌లు చాలావరకు ఇంకా కడప, నెల్లూరు అడ్రస్ మీదే ఉంటాయి. కండక్టరు టికెట్ అడుగుతాడు, పిల్ల దగ్గర చిల్లర ఉండదు, అందరి ముందూ సిగ్గు. ఎందుకొచ్చింది, ఇరవైలు పదులు కలిపి ఒక వంద రూపాయలు చిల్లరగా సంచిలో వేసి పంపండి. ఏసీ వజ్ర బస్సులో ఎలాగూ అందరికీ టికెట్ తప్పదు.

భద్రత గురించి మాట్లాడేటప్పుడు

నీళ్ళు నమలకుండా చెప్పండి. ఒకే పెద్దమనిషితో మూసిన గదిలో ఉండకూడదు, గోడౌనుకి ఒంటరిగా వెళ్ళకూడదు, ఎవరి బండీ ఎక్కకూడదు, సొంత నంబరు ఇవ్వకూడదు, రాత్రి మెసేజ్ వస్తే జవాబివ్వకుండా మాకు చూపించాలి. లైంగిక వేధింపుల నుంచి పిల్లల్ని కాపాడే 2012 పోక్సో చట్టం పద్దెనిమిది లోపు పిల్లలందరికీ, మగపిల్లలకీ వర్తిస్తుంది, ఆ మాట మగపిల్లల ముందే గట్టిగా అనండి. చైల్డ్‌లైన్ 1098, ఎమర్జెన్సీ 112 నంబర్లు ఐడీ కార్డు వెనక అంటించండి.

ఇవన్నీ చెప్పినా, ఇబ్బందిగా ఉన్నప్పుడు పిల్లలు ఫోన్ చేసి "ఇబ్బందిగా ఉంది" అని అనలేరు, పక్కన మనుషులుంటారు. అందుకని ఇంట్లో ఒక వాక్యం అనుకోమంటాను. ఒక అమ్మాయి వాళ్ళింట్లో అది "అమ్మా, ఇవాళ పప్పులో ఉప్పు వేశావా?" అది వినగానే వచ్చి తీసుకెళ్ళిపోవాలి, అక్కడ ఏ ప్రశ్నా అడగకూడదు. మధ్యలో వచ్చేసినందుకు మార్కులు పోవని మేం ముందే కాగితం మీద రాసిస్తాం.

సంచిలో

ఐడీ కార్డు, లెటర్ కాపీ, నీళ్ళ సీసా, టిఫిన్ బాక్సు, చిన్న డైరీ, రెండు పెన్నులు. కాళ్ళు పూర్తిగా కప్పే బూట్లు. బేకరీ, క్లినిక్ అయితే గోళ్ళు తీసి, జుట్టు ముడివేసి, ఉంగరాలు ఇంట్లో పెట్టి. ఫోన్ సైలెంట్‌లో సంచిలో, జేబులో కాదు. ఎవరినీ, దేన్నీ అడక్కుండా ఫోటో తీయకూడదు, క్లినిక్‌లో అడిగి కూడా తీయకూడదు.

ఆ ఐదు రోజులూ

మొదటి రోజు సాయంత్రం మీరు ఓనరుకి ఫోన్ చెయ్యండి. రెండో రోజు స్వయంగా వెళ్ళండి. నాలాగా మూడో రోజు దాకా ఆగొద్దు, చోటు కుదరకపోతే మార్చడానికి రెండో రోజే ఆఖరు. ఇరవై ఐదు మంది పిల్లలైతే ముగ్గురు టీచర్లు కావాలి, ఒక్కరి వల్ల కాదు, నేను ఒక్కదాన్నే తిరిగి చూశాను.

డైరీలో "ఈరోజు చాలా నేర్చుకున్నాను" అనే వాక్యం నిషేధం. రోజుకి మూడు మాత్రమే రాయాలి: ఎవరు ఏం చేస్తుంటే చూశాను, ఏం అడిగాను, ఏది అర్థం కాలేదు. మందుల షాపుకి వెళ్ళిన అబ్బాయి రాసింది ఇది, అక్షరదోషాలు మాత్రం దిద్దాను:

"ఒక తాత పది మాత్రల షీటులో నాలుగే కావాలన్నాడు. అన్న కత్తెర తీసుకుని షీటుని అటూ ఇటూ తిప్పి చూసి కత్తిరించాడు. ఎందుకు తిప్పారు అని అడిగాను. ఎక్స్‌పైరీ డేటు, బ్యాచ్ నంబరు ఒక చివరే ఉన్నాయి, ఆ ముక్క మన దగ్గర మిగలాలి, లేకపోతే మిగతా ఆరు ఎప్పటివో ఎవరికీ తెలీదు అన్నాడు. మరి తాతకి ఎలా తెలుస్తుంది అని అడిగాను. అన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కవరు మీద పెన్నుతో డేటు రాసి ఇచ్చాడు."

ఈ పిల్లవాడికి సైన్సులో ముప్ఫై దాటడం కష్టం.

తిరిగొచ్చాక

మరుసటి సోమవారం మొదటి పీరియడ్‌లో ప్రెజెంటేషన్లు పెట్టకండి, పవర్‌పాయింట్ తెరిస్తే ఇంటర్నెట్ నుంచి దించిన ఫోటోలే వస్తాయి. గుండ్రంగా కూర్చోబెట్టి, అర్థం కానిదేదో ఒక్కటి చెప్పమనండి. నచ్చలేదన్నవాళ్ళని ఎక్కువసేపు మాట్లాడనివ్వండి. పశువుల డాక్టరు కావాలని ఎల్‌కేజీ నుంచి అంటున్న అమ్మాయి, సూది వేసేటప్పుడు కుక్క కళ్ళు చూడలేక బయటికొచ్చేశానని చెప్పింది. వాళ్ళమ్మ బాధపడింది గాని, లక్షలకి లక్షలు ఫీజు కట్టాక తెలియడం కంటే ఇదే మేలు కదండీ అన్నాను.

థాంక్యూ లెటరు చేత్తో రాయాలి, ఐదు వాక్యాలు, అందులో ఒకటి ఆ షాపులో తప్ప ఇంకెక్కడా రాయలేనిది అయి ఉండాలి. "షీటు తిప్పి చూసి కత్తిరించడం నేర్పినందుకు" లాగా. పిల్లలే వెళ్ళి ఇచ్చి రావాలి, ఓనరుకి ఒకటి, నేర్పిన మనిషికి ఒకటి. ఓనరుకి ఇచ్చి ఆ అన్నకి ఇవ్వకపోతే బాగోదు.

తర్వాత మీ పని. ఒక లాంగ్ నోటుబుక్కులో చోటుకొక పేజీ పెట్టుకుని మర్చిపోకముందే రాసేయండి, వచ్చే ఏడాది ఇది మీరే చూసుకుంటారని గ్యారంటీ లేదు. నా పుస్తకంలో కొన్ని ఇలా ఉన్నాయి: "బేకరీ: ఓవెన్ దగ్గరికి వెళ్ళనివ్వొద్దని మళ్ళీ చెప్పాలి. నర్సరీ: టోపీ, కన్నడం. ఆర్కిటెక్ట్ ఆఫీసు: బుధవారం అందరూ సైటుకి వెళ్తారు, ఆ రోజు పిల్లకి సెలవు. ప్రింటింగ్ ప్రెస్సు: ఓనరు మళ్ళీ పంపమన్నాడు. ఈసారి స్టూలు తీసేయమని చెప్పాను."